నీళ్లమ్మే ముసలాయన ముఖం: ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టుకు ఆయిల్ పెయింటింగ్ నేర్పిన కేసు

నేపథ్యం

ఈయన నలభైలు దాటిన సైన్‌బోర్డు ఆర్టిస్టు. చిన్న వయసులోనే సినిమా బ్యానర్లు రాసే చోట పనికి కుదిరారు. తర్వాత షాపుల బోర్డులు, ఎన్నికల గోడరాతలు, లారీల వెనక పేర్లు, బడి గోడల మీద నాయకుల బొమ్మలు వేస్తూ ఎనామిల్ డబ్బాతోనే సంసారం ఈదుకొచ్చారు. ఫ్లెక్సు ప్రింటింగ్ వచ్చాక ఆ పనిలో చాలా భాగం పోయింది. ఇప్పుడు ఎక్కువగా వచ్చే ఆర్డర్లు చనిపోయిన పెద్దవాళ్ల పటాలు. ఫోటో ఇస్తే ఎనామిల్‌లోనో అక్రిలిక్‌లోనో వేసిస్తారు. ఆయిల్‌లో వేస్తే రేటు బాగా పలుకుతుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పేమీ కాదు. గుర్తుపట్టేలా ఉండే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. బొమ్మ మీద జరిగిన పని మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

నేను హన్మకొండలో ఆయిల్ పెయింటింగ్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు, సాయంత్రాలు తీరిక దొరికిన ఉద్యోగులు. వాళ్లతో ఇబ్బంది చేతి దగ్గర మొదలవుతుంది. గీత వణుకుతుంది, ముఖం వంకర పోతుంది. ఈయనకు ఆ ఇబ్బంది అసలు లేదు. పది అడుగుల గోడ మీద స్కేలు పెట్టకుండా అక్షరం నిలబెట్టగల చేయి అది. అంత చేయి ఉండి కూడా ఆయిల్ కాపీ ఎందుకు కుదరలేదన్నదే ఈ కేసు. చేయి బాగా తిరిగినవాళ్లకు నేర్పేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

ఆయన తెచ్చిన సమస్య

సొంతంగా మొదలుపెట్టిన కాపీ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు. క్యాలెండర్‌లోని రవివర్మ లక్ష్మీదేవి. చీర జరీ, నగలు చక్కగా కుదిరాయి. ముఖం, చేతులు మాత్రం చచ్చుగా ఉన్నాయి.

"చర్మం ప్లాస్టిక్ లెక్క కొడ్తున్నది సార్. స్కిన్ కలర్ ఫార్ములా ఏందో చెప్పుండ్రి, మిగిలింది నేను జూస్కుంట" అన్నారు.

ఆ బొమ్మను కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాను. మూడు నాలుగు సంగతులు కనిపించాయి. ముందు అవుట్‌లైన్ గీసి, లోపల నింపారు. ఫ్లెష్ టింట్ ట్యూబు తీసుకుని వెలుగు కోసం తెలుపు, నీడ కోసం నలుపు కలిపారు; అందుకే వెలుగు సున్నం కొట్టినట్టు, నీడ బూడిద రంగులో వచ్చాయి. రంగు మందం అంతటా ఒకటే, ఎనామిల్ పూసినట్టు నున్నగా ఉంది. ఇక అంచులు. చెంప అంచు, జుట్టు అంచు, నగ అంచు, అన్నీ ఒకే పదునులో ఉన్నాయి. బోర్డు మీద అక్షరానికి ఆ పదును కావాలి, దూరం నుంచి చదవాలి కాబట్టి. ముఖానికి అదే పదును పెడితే ముఖం గుండ్రం తిరగదు.

ఫార్ములా అడిగిన మనిషికి ఫార్ములా ఇవ్వడం తేలిక. పసుపు ఓకర్ (పసుపు మట్టి రంగు) ఇంత, ఎర్రమట్టి రంగు ఇంత, తెలుపు ఇంత అని కాగితం మీద రాసివ్వొచ్చు. ఇవ్వలేదు. ఆయన వేసిన ముఖాన్ని ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూశాం. రంగు తీసేసినా ముఖం బల్లపరుపుగానే ఉంది. రంగు పోయినా రోగం అలాగే ఉందంటే రోగం రంగులో లేనట్టే కదా. అయినా ఆయన అప్పటికి ఒప్పుకోలేదు.

ఏ బొమ్మ కాపీ చేయాలి

లక్ష్మీదేవి కాపీ కొనసాగించవద్దన్నాను. రవివర్మ (1848–1906) ఆయిల్‌లో సిద్ధహస్తుడే, అందులో మాట లేదు. కానీ మన ఇళ్లలో ఉన్నవి ఆయన చేతి ఆయిల్ బొమ్మలు కావు. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సులో రాతి పలకల మీద ఒక్కో రంగూ విడివిడిగా అచ్చువేసిన పటాలు, వాటిని చూసి వేసిన క్యాలెండర్లు. ఎక్కడ రంగు మందంగా పడింది, ఎక్కడ పల్చగా వదిలారు, ఏది ముందు ఏది తర్వాత, ఈ విషయాలేవీ అచ్చులో మిగలవు. పూజకు ఆ పటం చాలు. ఆయిల్ నేర్చుకోవడానికి చాలదు.

ఆయన డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ముత్యపు చెవిపోగు అమ్మాయి బొమ్మ చూపించారు. అందరూ అదే చూపిస్తారు. దానికీ ఒప్పుకోలేదు. ఆ ముఖంలో వెలుగు నుంచి నీడలోకి వెళ్లే దారి చాలా మెత్తగా ఉంటుంది. ఎనామిల్‌ను నున్నగా సాగదీయడం ఈయనకు కొట్టిన పిండి. ఆ బొమ్మ ఇస్తే పాత నైపుణ్యంతోనే గట్టెక్కుతారు, కొత్తగా ఏమీ నేర్చుకోరు.

చివరికి వెలాస్కెజ్ వేసిన 'సెవిల్ నీళ్లమ్మే మనిషి' ఎంచుకున్నాం. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో 1599లో పుట్టిన వెలాస్కెజ్ దీన్ని 1620 ప్రాంతంలో వేశాడు, అంటే ఇరవై ఏళ్ల కుర్రాడిగా. బొమ్మ సుమారు 107 సెంటీమీటర్ల ఎత్తు, 81 సెంటీమీటర్ల వెడల్పు. ఇప్పుడు లండన్‌లోని ఆప్స్‌లీ హౌస్‌లో ఉంది. 1813లో విటోరియా యుద్ధంలో ఓడి పారిపోతున్న జోసెఫ్ బోనపార్ట్ (నెపోలియన్ అన్న, స్పెయిన్ గద్దె మీద కూర్చున్నవాడు) సామాన్లలో ఇది దొరికింది. తర్వాత స్పెయిన్ రాజు దాన్ని ఆ యుద్ధం గెలిచిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌కే ఇచ్చేశాడు; ఆప్స్‌లీ హౌస్ ఆయన ఇల్లే.

బొమ్మలో ముగ్గురు మగవాళ్లు. చిరిగిన గోధుమరంగు పైబట్ట వేసుకున్న ముసలి నీళ్లాయన, ఆయన చేతి నుంచి గాజు గ్లాసు అందుకుంటున్న పిల్లవాడు, ఇద్దరి మధ్య చీకట్లో దాదాపు కనిపించకుండా నిలబడి నీళ్లు తాగుతున్న మూడో మనిషి. ముందు పెద్ద మట్టి కూజా, దాని మీద జారుతున్న నీటి బొట్లు. గ్లాసులో ఒక అత్తిపండు, నీళ్లకు వాసన పట్టడానికి వేసిందంటారు. ఎండాకాలం చలివేంద్రాల దగ్గర రంజన్లు చూసిన మనిషికి ఈ బొమ్మ గురించి విడమరచి చెప్పనక్కర్లేదు. "గిది మన రంజనే గద సార్" అన్నారు చూడగానే.

నాకు కావలసింది వేరే. ఈ బొమ్మలో ఆడంబరమైన రంగు లేదు. దాదాపు అంతా మట్టి రంగులు, నలుపు, తెలుపు. ఫార్ములా వెతుక్కునే మనిషికి వెతుక్కోవడానికి చోటు తక్కువ. రెండోది, చీకట్లో ఉన్న ఆ మూడో మనిషి. అంచులన్నీ పదునుగా గీసే చేతికి ఆయన్ని మించిన పరీక్ష లేదు. మూడోది, వెలాస్కెజ్ సెవిల్ రోజుల్లో తెల్లటి గుడ్డ మీద కాకుండా గోధుమరంగు పునాది మీద పని మొదలుపెట్టాడన్నది తెలిసిన విషయం. ఆయన గురువు, తర్వాత మామ అయిన పచేకో తన పుస్తకంలో సెవిల్ మట్టితో గుడ్డకు పూత వేయడం గురించి రాశాడు కూడా. ఈ పునాది సంగతే తర్వాత కేసును మలుపు తిప్పింది.

ఇంకో కారణం డబ్బు. ఓకర్, అంబర్ (ముదురు గోధుమ మట్టి రంగు), ఎర్రమట్టి రంగులు మంచి క్వాలిటీలో కూడా మిగతా రంగులకంటే చవక. పాత చిత్రకారులు వాడిన సీసపు తెలుపు విషం కాబట్టి టైటానియం తెలుపు వాడాం. అది సీసపు తెలుపుకంటే చల్లగా కనిపిస్తుంది, కప్పే శక్తి కూడా ఎక్కువ. అందుకని తక్కువ వాడాలి, కాస్త ఓకర్ తోడు చేయాలి.

బొమ్మ ప్రింటు తీయించడం కూడా చిన్న పనేం కాదు. నెట్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కో రంగులో వస్తుంది. ఇదే కూర్పుతో వేరే మ్యూజియాల్లో ఉన్న బొమ్మలూ వాటిలో కలిసిపోతాయి. ఆప్స్‌లీ హౌస్ బొమ్మే అని రూఢి చేసుకుని ఒక ఫైలు తీసుకున్నాం. ఫోటో స్టూడియోలో ఇస్తే మొదటి ప్రింటు పాలిపోయి వచ్చింది. చీకటి ఎక్కువ ఉందని ఆపరేటర్ బ్రైట్‌నెస్ పెంచాడు. పాపం, ఆయన పని ఆయన చేశాడు. కరెక్షన్ ఏమీ వేయొద్దని చెప్పి మళ్లీ తీయించాం.

మొదటి ప్రయత్నం: గళ్లు

ఆయనకు బాగా వచ్చిన విద్యతోనే మొదలుపెట్టనిచ్చాను. బ్యానర్ ఆర్టిస్టులు చిన్న ఫోటో మీద గళ్లు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్లు గీసి, గడికి గడి ఎక్కిస్తారు. కొత్త మాధ్యమంలోకి వచ్చేవాళ్లను ఒక్కసారే నిరాయుధులను చేస్తే బెదిరిపోతారు. చేతికి తెలిసిన పని ఒకటి ఉంటే టెన్షన్ తగ్గుతుంది, అప్పుడు కొత్తది నేర్చుకుంటారని నా ఆలోచన. బొమ్మ మొత్తం, తెల్లటి కాన్వాస్ మీద.

గీత అద్భుతంగా వచ్చింది. రంగు పెట్టేసరికి మాత్రం ముగ్గురూ సినిమా కటౌట్ల లాగా విడివిడిగా నిలబడ్డారు. చీకట్లో ఉండాల్సిన మూడో మనిషి ముందుకు తోసుకొచ్చాడు.

విచిత్రం ఏమిటంటే, ఏ ఒక్క గడి తీసుకున్నా రంగు సరిగ్గానే ఉంది. ప్రింటు పక్కన పెట్టి పోల్చి మరీ కలిపారాయె. గడిలో సరిపోయింది, బొమ్మలో సరిపోలేదు. గళ్ల పద్ధతి గీతను కాపాడుతుంది, కానీ ఈ గడికీ, రెండడుగుల అవతల ఉన్న ఆ గడికీ ఉన్న సంబంధాన్ని చూడనివ్వదు. గోడ మీద బ్యానర్‌కు అది చాలు, ఎందుకంటే అక్కడ ప్రతి ముఖానికీ దాని వెలుగు దానిదే. వెలాస్కెజ్ బొమ్మలో వెలుగంతా ఒక్కచోటి నుంచే వస్తుంది. ఎవరికి ఎంత అందాలో ముందే తేలిపోయి ఉంటుంది.

ఇంకో కారణం తెల్ల గుడ్డ. తెలుపు మధ్యలో మొదట పెట్టిన ఏ రంగైనా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. ముదురైపోయిందనుకుని చేయి తెలియకుండానే తెలుపు కలుపుతుంది. చుట్టూ తెలుపు ఉన్నంతసేపూ అంతా బాగానే ఉన్నట్టుంటుంది. గుడ్డ మొత్తం నిండాక చూస్తే చీకటి అనేదే ఉండదు. ఆయన నీడలన్నీ అలా చీకటి నుంచి వెలుగువైపు రెండు మెట్లు పైకి జరిగిపోయాయి.

అసలు బొమ్మతో పోల్చడానికి ఫోన్ వాడేవాళ్లకు ఒక మాట. ప్రింటును ఒకసారి, కాపీని ఒకసారి విడిగా ఫోటో తీస్తే లాభం లేదు. ముదురు బొమ్మ కనపడగానే కెమెరా తనంతట తాను వెలుగు పెంచేస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే ఫోటోలో తీసి, నలుపు తెలుపు చేసి చూడాలి. అలా చూశాకే ఆయన "ఓహో, నాది మొత్తం ఉతికినట్టున్నది" అన్నారు. రంగు ఫార్ములా మాట ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు.

రెండో ప్రయత్నం: గోధుమరంగు బొమ్మ, పైన గ్లేజులు

సమస్య వెలుగునీడల్లో ఉందని తేలింది కాబట్టి, రంగును పక్కనపెట్టి వెలుగునీడలే ముందు పూర్తి చేయించడం సహజంగా తోచే దారి. గుడ్డకు అంబర్, ఓకర్ కలిపిన పూత వేయించాను. దాని మీద ఒక్క అంబర్‌తో, తెలుపుతో బొమ్మంతా వేసి, ఆరాక పైన పల్చటి పారదర్శక పొరలు, అంటే గ్లేజులు, వేయాలి. ఒకసారి ఒకే సమస్య మీద పనిచేయొచ్చన్నది ఈ పద్ధతికి ఉన్న బలం.

మొదటి సగం బాగా నడిచింది. అంతకుముందే ఒక పని చెప్పాను: వేయి స్తంభాల గుడికి పొద్దున్నే వెళ్లి, అక్కడి నంది ముందు కూర్చుని బొగ్గుతో మూడే టోన్లలో, అంటే మూడే వెలుగునీడల మెట్లలో, బొమ్మలు గీసుకు రమ్మన్నాను. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి మాకు నడక దూరం. ఆ నంది ఒకటే నల్లరాయి. రంగు మారే ప్రశ్నే లేదు. మూపురం గుండ్రంగా ఉందని, మెడ మడతలు లోపలికి పోయాయని మనకు తెలిసేది వెలుగు మెట్లు మారడం వల్లే. రంగు లేకుండా ఆకారం ఎలా నిలుస్తుందో చెప్పడానికి అంతకన్నా మంచి నమూనా నాకు ఈ ఊళ్లో తెలియదు. అక్కడ గీసిన బొగ్గు బొమ్మల్లో అవుట్‌లైన్ మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ గుణం గోధుమరంగు బొమ్మలోకీ దిగింది.

రెండో సగంలో దెబ్బతిన్నాం. గ్లేజు అంటే నూనె ఎక్కువ. అప్పటికి వానలు పట్టుకున్నాయి. ఆయిల్ రంగు ఆరడం అంటే నీరు ఆవిరైనట్టు ఆవిరవడం కాదు. లిన్‌సీడ్ నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడాలి. వానాకాలం తేమలో మా దగ్గర ఆ పని నత్తనడక నడుస్తుంది. పొర జిగటగా ఉండిపోయింది, దుమ్ము పట్టింది. ఆగలేక దాని మీదే ఇంకో పొర వేశారు. కొన్నిచోట్ల మెరుపు, కొన్నిచోట్ల మాడినట్టు మసక.

వానాకాలం కాకపోయినా అది కుదిరేది కాదని నా అభిప్రాయం. గోధుమరంగు మీద పారదర్శక పొర వేస్తే బొమ్మ ఇంకా వెచ్చగా, ఇంకా ముదురుగా మాత్రమే పోగలదు. ముసలాయన చెంపకు, కణతకు మధ్య వెలుగు తగ్గేచోట చర్మం కాస్త చల్లబడుతుంది, బూడిదవైపు తిరుగుతుంది. ఆ చల్లదనం గ్లేజుతో రాదు. దగ్గరగా తీసిన ఫోటోలు చూస్తే ఈ ముఖంలో వెలుగు భాగాలు దట్టంగా, కప్పేసే రంగుతో పడ్డాయని తెలుస్తుంది. నీడలు పల్చన. పాత మాస్టర్లందరూ గ్లేజులతోనే వేశారన్న మాట ఎవరు ప్రచారం చేశారో గానీ, దాని వల్ల నేర్చుకునేవాళ్లకు చాలా కాలం వృథా అవుతోంది. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఒకే మనిషి ఒకే బొమ్మలో రెండు పద్ధతులు వాడతాడు.

పనిచేసింది

బొమ్మ మొత్తం వేయడం ఆపేశాం. ముసలాయన తల, భుజం, తెల్లటి చొక్కా చేయి, వెనక చీకట్లో మూడో మనిషి ముఖం. ఇంతే ముక్క, దాదాపు అసలు సైజులో. వెలుగులో ఉన్న ముఖం ఒకటి, చీకట్లో ఉన్న ముఖం ఒకటి. మిగతా బొమ్మ నేర్పేదంతా ఈ రెండిటి మధ్యే ఉంది. పిల్లవాడిని, గ్లాసును, కూజాలను వదలడానికి ఆయనకు మనసొప్పలేదు. "సగం బొమ్మ ఇంట్ల ఎట్ల జూపిస్త సార్" అన్నారు. చూపించడానికి కాదు, నేర్చుకోవడానికి అన్నాను. నిజానికి ఇదే ఈ కేసులో కష్టమైన నిర్ణయం. పని మీద బతికే మనిషికి పూర్తికాని బొమ్మ అవమానంలా ఉంటుంది.

ట్యూబులు ఐదే: టైటానియం తెలుపు, పసుపు ఓకర్, ఎర్రమట్టి రంగు, రా అంబర్, ఐవరీ నలుపు. ఫ్లెష్ టింట్ పక్కన పెట్టించాను. ఆయన ఉడుత వెంట్రుకల లెటరింగ్ బ్రష్షులు కూడా. అవి పల్చటి రంగును సమంగా పరచడానికి పుట్టిన బ్రష్షులు. అవి చేతిలో ఉన్నంతకాలం రంగు ఎనామిల్ లాగే పడుతుంది. బదులుగా బిరుసైన పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్షులు ఇచ్చాను, చిన్నది ఒక్కటీ లేకుండా. గళ్లు కూడా వద్దన్నాను. గోధుమరంగు పూత మీద సుద్దముక్కతో తల పైభాగం, గడ్డం కింద, భుజం గుర్తులు పెట్టి, మిగతాది కంటితోనే.

తర్వాత చెప్పిన మాటకు ఆయన గట్టిగానే అడ్డు తగిలారు. ముందు మూడో మనిషిని వేయమన్నాను.

"కనబడని మనిషిని ముందుగాల ఎందుకు ఎయ్యాలె సార్? ముసలాయన గద ముఖ్యం."

కారణం ఇది. ముసలాయన ముఖంలో వెలుగు ఎంత అన్నది దానికది తేలదు. చీకటి ఎంత లోతో తేలితేనే తేలుతుంది. తెల్ల గుడ్డ మీద జరిగిన పొరపాటు మళ్లీ జరగకుండా ఉండాలంటే కింది మెట్టు ముందు స్థిరపడాలి. చీకటి మనిషి ముఖానికి మూడే టోన్లు, మూడూ పునాది రంగుకు దగ్గరివి, తెలుపు కలపకూడదు. అంబర్, నలుపు, రవ్వంత ఓకర్. కళ్లు చికిలించి చూస్తే ఆ మనిషి మాయమవ్వాలి, కళ్లు తెరిస్తే ఉండాలి. ఇదే పరీక్ష.

చాలాసార్లు తుడిచారు. చివరికి ఒక సాయంత్రం ఆ ముఖం కుడి అంచును పొడి బ్రష్షుతో చీకట్లోకి లాగేసి, వెనక్కి వచ్చి చూసి, ఏమీ అనకుండా కూర్చుండిపోయారు. ఇరవై ఏళ్లకు పైగా అంచు గీయడమే పని చేసుకున్న మనిషి కావాలని ఒక అంచును పోగొట్టడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఆ పైన ముసలాయన ముఖం చకచకా నడిచింది. పని మొదలుపెట్టే ముందే పాలెట్ మీద కత్తితో ఐదు మెట్లు కలిపి పెట్టుకోవాలని నియమం. వేస్తూ కలపడం లేదు. నీడ మొత్తం ఒకే మెట్టు, కంటి గుంత కూడా అందులోనే, కన్ను వేయకూడదు. తర్వాత మధ్య మెట్లు. చివర వెలుగు, మందంగా. ఏ రోజైనా ముఖమంతా ఒకే దశలో ఉండాలి, ఒక కన్ను పూర్తయి మిగతా ముఖం ఖాళీగా ఉండకూడదు.

మధ్య మెట్ల దగ్గర జరిగింది రాయాలి. కణత దగ్గర చల్లటి టోన్ కోసం ఆయన నీలం అడిగారు. ఇవ్వలేదు. ఐవరీ నలుపులో తెలుపు, రవ్వంత ఓకర్ కలిపి పెట్టమన్నాను. పాలెట్ మీద అది మామూలు బూడిద రంగు. ఎర్రమట్టి కలిసిన చెంప పక్కన పెట్టగానే నీలం తిరిగింది. "నీలం ఎయ్యకుండ నీలం యాడికెల్లి వచ్చింది సార్?" పక్కన వెచ్చటి రంగుంటే బూడిద చల్లగా కనిపిస్తుంది, అంతే. చర్మం రంగు అంటే ఒక డబ్బాలో ఉండే రంగు కాదని, పక్కరంగుతో ఉండే సంబంధమని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క పూతతో ఎక్కింది. మొదటి రోజు అడిగిన ఫార్ములాకు జవాబు అదే. కాకపోతే మొదటి రోజే చెప్పి ఉంటే, ఆ బూడిదను కూడా ముఖమంతా సమంగా పూసేవారు.

తెల్లచొక్కా చేయి దగ్గర నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. బ్రష్షు నిండా రంగు తీసుకుని, ఒకే లాగుడులో మడత వేసి ఎత్తేయడం బోర్డు రాసేవాళ్ల విద్య. మా పిల్లలకు నెలల తరబడి నేర్పినా రాదు. చేయి ఆనించుకునే కర్ర కూడా ఆయనకు అలవాటే. యూరప్ చిత్రకారులు కూడా అలాంటి కర్ర వాడేవారని చెబితే సంతోషించారు. కొత్త పద్ధతి నేర్పేటప్పుడు పాత విద్య ఎక్కడ అడ్డం, ఎక్కడ అండ అన్నది విడదీసి చూడాలి. గళ్లు, చిన్న బ్రష్షు అడ్డమయ్యాయి. ఈ లాగుడు, ఈ కర్ర అండ అయ్యాయి.

మధ్యలో ఒకసారి బొమ్మ ఇంటికి తీసుకెళ్లి, పాత చిన్న బ్రష్షుతో కంటిపాప, రెప్పలు, మెరుపు చుక్క అన్నీ వేసుకుని వచ్చారు. ముఖం అంతటా సగంలో ఉంది, కన్ను మాత్రం గుడ్లురిమి చూస్తోంది. నేనేమీ అనలేదు; బొమ్మను అద్దంలో చూపించాను. తిరగేసి చూస్తే మన కన్ను అలవాటు పడిన తప్పు బయటపడుతుంది. కాసేపు చూసి, ఆయనే పాలెట్ కత్తితో గీకేశారు. నేను గీకమని ఉంటే గీకేవారు గానీ, తర్వాత బొమ్మలో మళ్లీ కన్నే ముందు వేసేవారు.

ఆరే దశలో అంబర్ వేసినచోట మసకలు పడ్డాయి. కింది పూత పై రంగులోని నూనె పీల్చేస్తే అలా అవుతుంది. ఆయన హార్డ్‌వేర్ షాపు వార్నిష్ డబ్బా తెచ్చారు, కుర్చీలకు కొట్టేది. అది పసుపెక్కుతుంది, పైగా రంగు లోపల ఇంకా గట్టిపడక ముందే పైన మూత వేసినట్టవుతుంది. టర్పెంటైన్‌లో కాస్త లిన్‌సీడ్ కలిపి బట్టతో పల్చగా రుద్ది, మిగిలింది తుడిచేస్తే మసక పోయింది. ఆర్టిస్టు వార్నిష్ ఆరు నెలలైనా ఆగి వేయాలి. నూనె తుడిచిన గుడ్డల గురించి ఒక మాట: ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. మన ఎండలకు ఇంకా భయం. బయట విడివిడిగా పరచి ఆరనిచ్చి, నీళ్లలో తడిపి పారేయాలి.

ఇప్పుడు

కాపీ నేర్పినది కాపీలోనే ఉండిపోయిందా, బయటికి వచ్చిందా అని చూడాలి కదా. కిటికీ పక్కన ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి అవే ఐదు రంగులతో వేయించాను. మూడో వంతు కుదిరింది. చీకటి ముందు, వెలుగు తర్వాత అన్న క్రమం చేతికి వచ్చేసింది. చర్మంలో బూడిద మెట్లు సొంతంగా కలుపుకున్నారు. కానీ ఎండ జరిగిపోతుంటే ఏ నీడను నమ్మాలో తెలియక తికమకపడ్డారు. వెలాస్కెజ్ ఆ నిర్ణయాలన్నీ ముందే తీసేసుకుని బొమ్మలో పెట్టి ఉంచాడు, కాపీ చేసేవాళ్లకు ఆ బాధ తెలియదు. ఇది ఈ పద్ధతికి ఉన్న హద్దు. దానికి ప్రకృతి నుంచి వేయడం తప్ప మందు లేదు.

అసలు అవసరమైన పటాల పనిలో మాత్రం అనుకోని చోట లాభం వచ్చింది. పాతకాలం నలుపు తెలుపు ఫోటో ఇస్తే ఇదివరకు రంగు ఎలా ఊహించాలా అని భయపడేవారు. ఇప్పుడు అదే తేలికంటున్నారు. మెట్లు ఫోటోలోనే ఉన్నాయి, రంగు పాలెట్ మీద ఉంది. ఇబ్బంది ఫ్లాష్ ఫోటోలతో. పెళ్లిలో ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ముఖంలో నీడ అనేదే ఉండదు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

అందుకే ఈమధ్య ఆర్డర్ తీసుకునేటప్పుడు ఇంటివాళ్లను అడుగుతున్నారట, అరుగు మీదనో వాకిట్లోనో కూర్చున్నప్పుడు తీసిన ఫోటో ఏదైనా ఉందా అని. దొరికితే ఆయిల్‌లో వేస్తానంటున్నారు. దొరకకపోతే రేటు తగ్గించి అక్రిలిక్‌లోనే వేసిస్తున్నారు. పిల్లవాడు, గాజు గ్లాసు ఉన్న ముక్క వానలు తగ్గాక మొదలుపెడదామనుకున్నాం.